మందు మానుతున్నవారికి ఎదుటివారి ముఖం చదవడం మళ్లీ నేర్పాలంటే

మీరు అలసిపోయి మౌనంగా కూర్చుంటే, తాగుడు మానుతున్న మనిషి "ఎందుకలా కోపంగా చూస్తున్నావ్?" అని గొడవకు దిగుతాడు. చాలాసార్లు అది సాకు కాదు. ఏళ్ల తరబడి తాగినవారిలో ముఖంలోని భావాన్ని పోల్చుకునే శక్తి తగ్గుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. బాధ, అసహ్యం కూడా వారికి కోపంలా తోచవచ్చు, ఉన్నదానికన్నా తీవ్రంగా కనిపించవచ్చు.

మానేసిన మొదటి రెండు వారాలు ముఖాలు చదివే సాధన ఏదీ వద్దు. వణుకు, నిద్రలేమి, డాక్టరు ఇచ్చిన మాత్రల మగత తగ్గాలి. రోజూ ఎక్కువగా తాగేవారు డాక్టరు లేకుండా ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు. మొదటి నాలుగైదు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమ రావచ్చు.

తర్వాత రోజుకు పది నిమిషాలు చాలు. కోపం, బాధ, భయం, అసహ్యం, ఆశ్చర్యం, సంతోషం, ఏ భావమూ లేని ముఖం: ఇంట్లోవాళ్లు ఇలా ఏడు రకాలుగా ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. ముందు స్పష్టమైనవి, వారం తర్వాత లీలగా ఉన్నవి చూపండి. "ఇది కోపమా?" అని అడగకండి, ఆ మాట వినగానే మనసు అటే లాగుతుంది. "ఏమనిపిస్తోంది, ముఖంలో ఎక్కడ చూసి చెప్పావు?" అనండి. కనుబొమలు కిందికి దిగి దగ్గరైతే, పెదాలు బిగిస్తే కోపం. కనుబొమల లోపలి కొనలు పైకి లేచి, పెదాల చివర్లు జారితే బాధ. ముక్కు ముడతలు పడి పైపెదవి లేస్తే అసహ్యం. తప్పు చెబితే ఆ గుర్తు చూపించి ముందుకు సాగండి. ఇది పరీక్షగా మారి "చూశావా, నీకేం తెలీదు" అన్నారో, ఆ అవమానమే మళ్లీ సీసా వైపు నెడుతుంది.

ఫోటోల కన్నా ఎక్కువ మేలు చేసేది మాటే. "నాకు కోపం లేదు, తల నొస్తోంది" అని పైకి చెప్పే అలవాటు ఇల్లంతా చేసుకోవాలి. మానుతున్న మనిషి కూడా ఎదుటివారికి కోపమని తేల్చేసే ముందు అడగాలి, వచ్చిన జవాబు నమ్మాలి.

తన భావానికే పేరు పెట్టలేనివారు ఈ రోగుల్లో చాలామంది. దాన్ని అలెక్సిథైమియా అంటారు. వారిని "ఎలా ఉంది?" అంటే "ఏమో" అంటారు. ఒంటి నుంచి మొదలుపెట్టండి: దవడ బిగిసిందా, గుండె దడగా ఉందా, కడుపులో తిప్పుతోందా? ఆ తర్వాత ఆకలా, అలసటా, ఒంటరితనమా, కోపమా అని అడగండి.

మార్పు నెలల మీద వస్తుంది, అందరికీ పూర్తిగా రాదు. మూడు నెలలైనా కదలిక లేకపోతే డిప్రెషన్ గానీ, తాగి పడినప్పటి తలదెబ్బ గానీ ఉందేమో సైకియాట్రిస్టుకు చూపించండి. చనిపోతానన్న మాట వస్తే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు (14416) ఫోన్ చేయండి. మత్తు మానడంపై సలహాకు 14446.