బండల మీద జారిన కుక్కకు కండరాల నొప్పి: ఇంట్లో చేయదగిన ఉపశమనం

కడప జిల్లాలో చాలా ఇళ్లలో నేలకు పరిచేది కడప బండలే. నునుపు చేసిన ఆ నల్ల బండ మీద, అందులోనూ కడిగిన తరువాత తడి ఆరకముందే, గేటు చప్పుడు విని పరుగెత్తిన కుక్క వెనుక కాళ్లు చెరొక వైపుకూ జారి, తొడ లోపలి కండరాలు పట్టేస్తాయి. ఆ పూట మామూలుగానే తిరిగిన కుక్క, రాత్రి పడుకుని ఉదయం లేచేసరికి బిగుసుకుపోయి, మెట్టు ఎక్కడానికి వెనుకాడుతుంది.

ముందుగా ఇది కండరాల నొప్పేనా అని చూసుకోవాలి. కాలు నేలకు బొత్తిగా మోపకపోయినా, వెనుక కాళ్లు ఈడుస్తున్నా, మూత్రం కాఫీ రంగులో వస్తున్నా ఇంటి చికిత్సకు పూనుకోకుండా వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. కుక్క శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. అంతకు మించి జ్వరం ఉండి, చెవుల్లోనూ వేళ్ల సందుల్లోనూ పిడుదులు కనిపిస్తే, ఆ కుంటు పిడుదుల వల్ల వచ్చే జ్వరానిదై ఉండవచ్చు.

దెబ్బ తగిలిన గంటలోనే వేడి కాపడం పెట్టడం మన ఇళ్లలో అలవాటు. కుక్కకు అలా చేస్తే వాపు పెరుగుతుంది. మొదటి 2 రోజులు ఐస్ ముక్కలను తువ్వాలులో చుట్టి, నొప్పి ఉన్న చోట ఒక్కోసారి 10 నిమిషాల చొప్పున రోజుకు 3 సార్లు ఉంచాలి. మూడో రోజుకు వాపు తగ్గితే, గోరువెచ్చని నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను మన మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకుని, అంతే సేపు వేయాలి. వేయించిన ఉప్పు మూట, కాల్చిన ఇటుక మాత్రం వద్దు. వెంట్రుకల కింద చర్మం కాలినా మనకు వెంటనే కనిపించదు. కాపడం తరువాత అరచేతిని చదునుగా ఉంచి, వెంట్రుకలు వాలిన దిశలోనే 5 నిమిషాలు మెల్లగా నిమరాలి. వెన్నెముక మీద, కీళ్ల మీద ఒత్తకూడదు. కుక్క లేచి పోతానంటే పోనివ్వాలి. నొప్పితో ఉన్నప్పుడు ఎంత సాధువైనదైనా కరవవచ్చు.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పదలచినది మందుల సంగతి. మనం వాడే పారాసిటమాల్ కుక్క కాలేయాన్నీ రక్తాన్నీ దెబ్బతీస్తుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు తెచ్చి మూత్రపిండాలను పాడుచేస్తాయి. చిన్న ముక్కే కదా అని కూడా వేయవద్దు. నొప్పి బాములూ అంతే ప్రమాదం, ఎందుకంటే రాసినదంతా కుక్క నాకేస్తుంది, వాటిలోని కర్పూరమూ మిథైల్ శాలిసిలేటూ దాని కడుపులోకి పోతాయి. నొప్పి మాత్ర అవసరమనిపిస్తే, కుక్క బరువు చూసి పశువైద్యుడు రాసినదే వేయాలి. ఈ జిల్లాలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది.

వారం రోజులు గెంతులు, మెట్లు మాన్పించి, బయటకు పోవడానికి మాత్రం పొద్దున్నే బెల్టు వేసి కొద్ది నిమిషాలు నడిపిస్తే చాలు; ఎండ ఎక్కాక తారురోడ్డు అరికాళ్లను కాలుస్తుంది. 3 రోజుల్లో తేడా కనిపించకపోతే వైద్యునికి చూపించాలి. ఈలోగా గేటు దాకా కుక్క నడిచే దారిలో గోనెసంచులు పరిచి, అవి జారకుండా అంచులను ఏదైనా బరువు కిందకు నెట్టి, దాని పెరిగిన గోళ్లను కత్తిరించి ఉంచండి.