పాత అంబాసిడర్‌లో ఇసుజు ఇంజిన్: ఫౌండేషన్ దగ్గర వచ్చే సమస్యలు, పరిష్కారాలు

మార్క్ 4 అంబాసిడర్‌లో పాత 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ దించేసి, 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ని దాని 5 గేర్ల బాక్సుతో సహా ఎక్కించాలని చాలామందికి ఉంటుంది. ఎక్కించినవాళ్లు వారం తిరక్కుండానే అనే మాట ఒకటే: "బండి వణుకుతోంది, ఫౌండేషన్ రబ్బర్లు మార్చినా తగ్గట్లేదు." ఫౌండేషన్ అంటే ఇంజిన్‌ని బండి మీద కూర్చోబెట్టి పట్టి ఉంచే బ్రాకెట్లు, రబ్బర్లు. మా నాన్నగారి 1986 బండికి నేను కూడా ఈ పని చేయించాను. రబ్బర్లు మూడు జతలు మార్చాక గానీ తప్పు రబ్బరుది కాదని, ఇంజిన్ కూర్చున్న తీరుదని అర్థం కాలేదు. అందుకే ఇక్కడ ప్రతి సమస్యకీ ముందు ఏం కొలవాలో చెప్తాను, ఆ తర్వాతే ఏం మార్చాలో.

అసలు తేడా ఎక్కడుందో ముందు చూడండి. పాత బీఎంసీ ఇంజిన్‌కి ముందు రబ్బర్లు టైమింగ్ కవర్ వెనకాల ఉండే ఇనుప ప్లేటుకి రెండు పక్కలా పట్టుకుంటాయి, అంటే ఇంజిన్ మూతి దగ్గరే. ఇసుజుకి బ్లాకు పక్కల బ్రాకెట్లు వస్తాయి, అంటే బరువు ఆనే చోటు వెనక్కి జరుగుతుంది. పాత రబ్బరు సీటు మీదే దీన్ని ఎలాగోలా కూర్చోబెట్టాలని పొడవాటి బ్రాకెట్ కొట్టిస్తే, కింద చెప్పబోయే కష్టాల్లో సగం అక్కడే మొదలవుతాయి. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లే 1990ల మొదట్లో ఈ ఇంజిన్‌తో 1800 ఐఎస్‌జెడ్ అనే అంబాసిడర్ తెచ్చారు. కాబట్టి తుక్కుకి వెళ్లిన ఐఎస్‌జెడ్ దొరికితే ఇంజిన్ ఒక్కటే కాదు, రెండు వైపుల బ్రాకెట్లు, గేర్‌బాక్స్ కింది క్రాస్ మెంబర్ (అడ్డంగా ఉండే ఇనుప పట్టీ), ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపుకి తిరిగే పొడవాటి షాఫ్టు) కూడా కలిపి తీసుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడుగుతూ తిరిగితే ఒక వారం పోతుందేమో, కానీ లేత్ షాపు చుట్టూ తిరిగే నెల మిగులుతుంది. కాంటెస్సాలో కూడా ఇదే ఇంజిన్ వచ్చింది కదా అని ఆ బ్రాకెట్లు నేరుగా సరిపోతాయనుకోవద్దు, కొలిచి చూసుకోండి.

సమస్య: బండి నిలబడి ఉన్నప్పుడే స్టీరింగ్, ఫ్లోర్ వణకడం

స్టార్ట్ చేసి వదిలేస్తే డ్యాష్‌బోర్డు గలగల, కొంచెం యాక్సిలరేటర్ తొక్కితే తగ్గిపోతుంది. దీనికి ఎక్కువసార్లు కారణం ఇనుముకి ఇనుము తగలడమే. ఒక సన్నటి అట్టముక్క తీసుకుని ఛాంబర్‌కీ (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టి) క్రాస్ మెంబర్‌కీ మధ్య, బెల్ హౌసింగ్‌కీ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే డొప్ప) టన్నెల్‌కీ (గేర్‌బాక్స్ మీద ఉబ్బెత్తుగా ఉండే ఫ్లోర్) మధ్య, సైలెన్సర్ పైపుకీ ఫ్లోర్‌కీ మధ్య దూర్చుకుంటూ పోండి. ఎక్కడ ఆగిపోతే తప్పు అక్కడుంది. సైలెన్సర్ పైపు మాత్రం మరిచిపోకండి, చాలామంది ఇంజిన్‌కి మంచి రబ్బర్లు వేసి పైపుని మాత్రం బాడీకి బిగించేసి క్లాంప్ కొట్టేస్తారు, అప్పుడు వణుకు రబ్బరుని దాటేసి పైపు గుండా లోపలికొస్తుంది. పైపుకి వేలాడే రబ్బర్లు వేయండి.

ఏదీ తగలట్లేదంటే రబ్బరు మెలిబడిందేమో చూడాలి. ముందు బోల్టులు బిగించేసి ఆ తర్వాత జాకీ దించితే రబ్బరు వంకరగానే ఉండిపోతుంది. అన్ని బోల్టులూ వేళ్లతో ఎక్కేంత వరకే తిప్పి, ఇంజిన్ బరువు పూర్తిగా రబ్బర్ల మీదికి దించి, స్టార్ట్ చేసి రెండు నిమిషాలు కదలనిచ్చి, ఆపేశాక బిగించండి. రంధ్రం రెండు మిల్లీమీటర్లు అటూఇటూ అయితే పలుగు పెట్టి లాగి బోల్టు ఎక్కించొద్దు, రంధ్రాన్ని పొడవుగా గీయించి మందపాటి వాషర్ వేయండి. ఇంకో సంగతి, పాలీయూరిథేన్ రబ్బర్లు గట్టిగా ఉంటాయని గొప్పగా చెప్తారు, రోజూ ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని తిరిగే బండికి అవి వద్దనే నా అభిప్రాయం. వణుకంతా లోపలికి పంపిస్తాయి.

సమస్య: 60, 70 దాటితే కింద నుంచి హోరు

దీన్ని ఫౌండేషన్ తప్పుగా గుర్తించేవాళ్లు తక్కువ, కానీ ఎక్కువసార్లు అదే. ఖాళీ రోడ్డు మీద హోరు వచ్చే స్పీడుకి వెళ్లి న్యూట్రల్ చేసి ఇంజిన్‌ని నెమ్మదించనివ్వండి. హోరు ఆగిపోతే అది ఇంజిన్ వైపుది. బండి స్పీడుతో పాటే హోరు అలాగే సాగుతుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపుది, అంటే చాలావరకు కోణం తప్పు. చక్రాల గాలి, బ్యాలెన్సింగ్ ముందే చూసుకుని ఉంటారు కాబట్టి అవి చెప్పట్లేదు.

కోణం ఎందుకు తప్పుతుందంటే, ముందు బ్రాకెట్లు తయారు చేసుకుని ఇంజిన్ కూర్చోబెట్టాక గేర్‌బాక్స్ తోక ఎక్కడికొస్తే అక్కడ కింద ఒక పట్టీ కొట్టేస్తారు. వరస తిరగబడింది. గేర్‌బాక్స్ షాఫ్టు, వెనక హౌసింగ్ (వెనక చక్రాల ఇరుసు) పినియన్, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే చోటి షాఫ్టు, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, తేడా ఒక డిగ్రీ లోపే. ప్రతి జాయింట్ దగ్గర విరుపు 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. సున్నా చేయాలని చూడకండి, కొంచెం విరుపు లేకపోతే క్రాస్ (ఆ జాయింట్) లోపలి బేరింగ్ సూదులు ఒకే చోట ఆని గాట్లు పడతాయి. కొలవడానికి చవకగా దొరికే డిజిటల్ యాంగిల్ గేజ్ చాలు, కానీ బండి నాలుగు చక్రాల మీద సమతలంలో ఉన్నప్పుడే కొలవాలి. జాకీల మీద లేపి కొలిస్తే వెనక స్ప్రింగ్ పట్టీలు వేలాడిపోయి లెక్కంతా తప్పుతుంది.

గేర్‌బాక్స్ తోక ఎక్కువగా కిందికుంటే క్రాస్ మెంబర్‌కీ రబ్బరుకీ మధ్య ప్లేట్లు వేసి పైకి తేవచ్చు, అప్పుడు ముందు రబ్బర్లు మళ్లీ వదులు చేసి బిగించాలి. పినియన్ వైపు సరిచేయాలంటే స్ప్రింగ్ పట్టీకీ హౌసింగ్ సీటుకీ మధ్య ఏటవాలు ప్లేటు వేస్తారు. 5 గేర్ల బాక్సు పొడవు తేడా కాబట్టి షాఫ్టుని కోయించో అతికించో ఉంటే బ్యాలెన్స్ చేయించారా అన్నది కూడా చూడండి. స్పీడ్ బ్రేకర్ మీద కింద ధన్‌మని శబ్దం వస్తే షాఫ్టు పొడవెక్కువై దాని ముందు చివర జారే స్లీవు గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా దిగి గుద్దుతోందని అర్థం. బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఇంకా లోపలికి పోయే చోటు ఉండాలి.

సమస్య: క్లచ్ వదలగానే డబ్‌మని శబ్దం

ఇంజిన్ తిరిగే దిశ వల్ల ముందుకి లాగేటప్పుడు ఇంజిన్ ఎడమ పక్క పైకి లేస్తుంది, కుడి పక్క నొక్కుకుంటుంది. కాబట్టి మన బండ్లలో ముందు చిరిగేది ఎడమ రబ్బరు. బోనెట్ తెరిచి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, ఒకరు బ్రేక్ తొక్కి ఉంచి మొదటి గేర్‌లో క్లచ్‌ని కొద్దిగా వదులుతుంటే మీరు పక్కన నిలబడి చూడండి. బండి ముందు మాత్రం ఎవరూ నిలబడొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. ఎడమ పక్క అంగుళం దాకా లేస్తే రబ్బరు ఊడింది. రివర్స్‌లో కుడి పక్క లేస్తుంది.

కొత్త రబ్బరు వేసినా రెండు నెలల్లో మళ్లీ చిరిగిందా? అప్పుడు బ్రాకెట్‌ని చూడండి. మా బండికి ఒక షాపులో 3 మిల్లీమీటర్ల రేకు వంచి బ్రాకెట్ చేసిచ్చారు, చూడ్డానికి బాగానే ఉంది. 800 కిలోమీటర్లు తిరిగేసరికి వెల్డింగ్ పక్కనే వెంట్రుకంత పగులు వచ్చింది. వెల్డింగ్ మీద కాదు, దాని పక్కన వేడికి మారిన ఇనుములో. 6 మిల్లీమీటర్ల ప్లేటు తీసుకుని, రెండు పక్కలా త్రికోణం ముక్కలు వేయించి, పొడవు ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాకే అది నిలబడింది. అంబాసిడర్‌కి లారీలాగా విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్, కింద ఉన్నది పెట్టెలా మడిచిన రేకు. దాని మీద నేరుగా బ్రాకెట్ అతికిస్తే రేకే చిరుగుతుంది. ముందు అరచేయంత ప్లేటు పరిచి అతికించి, దాని మీద బ్రాకెట్ పెట్టండి. బోల్టు ఆ పెట్టె గుండా అటువైపుకి పోతుంటే లోపల గొట్టం ముక్క వెల్డ్ చేయించాలి, లేకపోతే బిగించే కొద్దీ రేకు నొక్కుకుపోయి బోల్టు ఎప్పుడూ వదులుగానే ఉంటుంది. బోల్టులు తల మీద 8.8 అని ఉన్నవే వాడండి, 10 ఎంఎంకి సుమారు 45, 12 ఎంఎంకి సుమారు 80 న్యూటన్ మీటర్ల బిగువు.

సమస్య: సెల్ఫ్ నీరసంగా తిరగడం, యాక్సిలరేటర్ కేబుల్ కాలిపోవడం

దీనికీ ఫౌండేషన్‌కీ సంబంధం ఏంటి అనిపిస్తుంది. రబ్బరు కరెంటుని పోనివ్వదు. ఇంజిన్ మార్చేటప్పుడు పాత ఎర్త్ పట్టీ ఊడదీసి మళ్లీ వేయడం మరిచిపోతే, సెల్ఫ్ లాగే కరెంటు అంతా యాక్సిలరేటర్ కేబుల్ గుండానో ఇంకేదో తీగ గుండానో దారి వెతుక్కుంటుంది, అందుకే అవి వేడెక్కి పట్టేస్తాయి. సెల్ఫ్ కొడుతుండగా బ్లాకుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి, 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే పెయింట్ గీకి లావుపాటి అల్లిక పట్టీ వేయండి. పది నిమిషాల పని, దీని కోసం కొత్త బ్యాటరీ కొన్నవాళ్లు ఉన్నారు.

సమస్య: ఒక పక్క రబ్బరే పాడైపోవడం

ఆయిల్ కారడం గానీ, ఎగ్జాస్ట్ వేడి గానీ. రబ్బరు వేలికి జిగటగా అంటుకుంటే ఆయిల్, పైన పెంకులా గట్టిపడి పగుళ్లిస్తే వేడి. ఆయిల్ అయితే ముందు లీకు ఆపాలి. వేడి అయితే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కీ (ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం) రబ్బరుకీ మధ్య రెండింటికీ తగలకుండా ఒక రేకు అడ్డం పెడితే సరిపోతుంది.

ఫ్యాన్ రేడియేటర్‌కి తగలడం కూడా ఇలాంటిదే, మెత్తబడిన రబ్బర్లతో గట్టి బ్రేక్ వేసినప్పుడు ఇంజిన్ ముందుకి తూగుతుంది. ఫ్యాన్‌కి ముందు కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా మొదట్లోనే ఇంజిన్ స్థానం ఖాయం చేసుకోండి.

ఆ ఖాయం చేసుకునే వరస ఇది: ముందు గేర్‌బాక్స్ తోక ఎత్తు, కోణం. తర్వాత ఫ్యాన్, ఛాంబర్, స్టీరింగ్ రాక్ దగ్గర ఖాళీలు. ఇంజిన్‌ని అక్కడే చెక్క దిమ్మల మీద నిలబెట్టి, రబ్బర్లని వాటి చోట పెట్టి, మిగిలిన ఖాళీకి అట్టతో నమూనా కోసుకుని, దాన్ని బట్టి బ్రాకెట్. మొదట చుక్కలు వెల్డింగ్ మాత్రమే, అన్నీ మళ్లీ కొలిచాక పూర్తి వెల్డింగ్, అదీ రబ్బర్లు తీసేసి, బ్యాటరీ వైర్లు ఊడదీసి. ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్టీఓ ఆఫీసులో అనుమతి సంగతి పాత ఇంజిన్ దించకముందే అడగండి. ఇంజిన్ కొన్న బిల్లు, అది ఏ బండిదో దాని కాగితాలు చేతిలో ఉంచుకోండి.