ఫోర్ బై ఫోర్ పడకపోతే, పడ్డది రాకపోతే ఏం చూసుకోవాలి

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రం వైపు మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. మేత మూటలు, జనరేటర్‌కు డీజిలు, పట్టుబడి రోజు ఐసు, అన్నీ పికప్‌లోనే గట్టు మీదకు పోవాలి. ఎండాకాలంలో ఏ బండైనా పోతుంది. అక్టోబరు దాటి వానలు పట్టుకున్నాయంటే ఆ నల్లమన్ను సబ్బు మాదిరి జారుతుంది. రాత్రిపూట కరెంటు పోయి, డీజిలు గట్టు దాకా చేరక, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. అందుకే ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందించే ఏర్పాటు, సరిగా పడటం నాకు ప్రాణం మీదకొచ్చినంత ముఖ్యం.

మన ఫోర్ బై ఫోర్ పికప్‌లలో ఎక్కువగా ఉండేది పార్ట్‌టైమ్ రకం, అంటే మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, మనం వేసినప్పుడే ముందువీ కలుస్తాయి. ఫోర్ హైలో (నాలుగు చక్రాలు, మామూలు వేగం) వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే గేరుబాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పెట్టె, ముందు చక్రాల షాఫ్టునీ వెనక చక్రాల షాఫ్టునీ కలిపి బిగించేస్తుంది. రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. కానీ మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. మన్నులో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారురోడ్డు మీద టైరు జారదు కాబట్టి ఆ తేడా షాఫ్టుల్లో, గేర్లలో తాడు మెలిపడ్డట్టు నిలిచిపోతుంది. లోపల పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి. అప్పుడు లివర్ ఎంత లాగినా రాదు.

మా డ్రైవరు ఒకసారి గట్టు దిగి, ఫోర్ హై తీయడం మరిచి కోవూరు దాకా తారు మీదే వెళ్లాడు. "ఏందన్నా, స్టీరింగ్ బరువెక్కింది, లివర్ కదలడం లేదు" అని ఫోన్ చేశాడు. రెండు చేతులతో లాగబోతున్నాడని తెలిసి ఆగమన్నాను. బలం పెడితే లోపల గేరును జరిపే ఫోర్క్ వంగుతుంది, ఆ తర్వాత కేస్ దించక తప్పదు. స్టీరింగ్ నిటారుగా పెట్టుకుని రివర్స్‌లో మెల్లగా పది పదిహేను అడుగులు పొమ్మన్నాను. క్లచ్ తొక్కి లివర్‌ను వేళ్లతో లాగితే వచ్చేసింది. ఒకసారికి రాకపోతే ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు కదిలించాలి, వీలైతే ఒక పక్క చక్రాలను రోడ్డు దిగువ మన్నులోకి దించాలి. లివర్ బదులు తిప్పే నాబ్ ఉండే బండైనా ఇదే పద్ధతి: టూ హైకి (వెనక రెండు చక్రాలకే) తిప్పి, నిటారుగా కదిలిస్తే డ్యాష్‌బోర్డు మీద మెరిసే ఫోర్ బై ఫోర్ లైటు ఆగుతుంది.

తారు ఎక్కకపోయినా పదే పదే ఇలా బిగుసుకుంటుంటే టైర్లు చూడండి. ముందు కొత్తవి, వెనక అరిగినవి వేస్తే చుట్టుకొలతలో తేడా వచ్చి తిన్నగా పోతున్నా మెలి పడుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి.

ఇక అసలు పడకపోవడం. ఇక్కడ చాలామంది నేరుగా కేస్ విప్పిస్తారు. ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి. చదునైన మన్నునేల మీద ఫోర్ హైలో వేసి, రెండు మూడు గజాలు నిటారుగా కదిలించి ఆపండి. గేరు న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా గట్టి దిమ్మెలు పెట్టండి. ముందు చక్రం ఒక్కటి జాకీతో లేపి, కింద స్టాండు పెట్టాకే చెయ్యి వేయండి. ఆ చక్రం తిరగకపోతే ఫోర్ బై ఫోర్ సరిగానే పడింది, లోపం లైటుది, దాని స్విచ్చిది. చక్రంతో పాటు ముందు షాఫ్టు కూడా తిరుగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేస్ పడలేదు. చక్రం తిరుగుతూ షాఫ్టు కదలకుండా ఉంటే, ముందు యాక్సిల్‌ను కలిపే యాక్చువేటరో, చక్రాన్ని యాక్సిల్‌తో బిగించే హబ్ లాకో పనిచేయడం లేదు. ఒక చక్రం పైకెత్తి ఉండగా ఇంజన్ మీద గేరు మాత్రం వేయకండి. బండి జాకీ మీద నుంచి దూకుతుంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానల్లో మా పాత బండికి ఈ మూడోదే జరిగింది. ఊళ్లో ఒక షెడ్డు వాళ్లు కేస్ దించాలన్నారు. మనసొప్పక కిందకు దూరి చూశాను. యాక్చువేటర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు చివర, క్లిప్పు దగ్గర వేలిగోరంత చీలిక. ఇంజన్ నడుస్తుండగా ఆ పైపు ఊడదీసి కొన మీద వేలు పెడితే గుంజుకోవాలి. నాకు ఊరికే గాలి తగిలింది. చీలిన అంగుళం కోసి మళ్లీ తొడిగితే లైటు నిలకడగా వెలిగింది. పైపు గుంజుతున్నా పడకపోతే యాక్చువేటర్ లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్) చిరిగి ఉండొచ్చు.

మోటారుతో మారే బండికి చెవి ముఖ్యం. తాళం ఆన్ చేసి ఒకరు నాబ్ తిప్పండి, ఇంకొకరు బయట కేస్ పక్కన వంగి వినండి. గుర్రుమని చిన్న చప్పుడు రావాలి. రాకపోతే బ్యాటరీ వోల్టేజి, ఫ్యూజు, కనెక్టరు వరుసగా చూసుకోవాలి. మా వైపు ఉప్పునీటికి కనెక్టరు పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. బ్యాటరీ నెగెటివ్ తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, ఆరాక ఎలక్ట్రికల్ గ్రీసు రాస్తే చాలు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయండి, పెద్దది వేస్తే వైరింగ్ కాలుతుంది.

ఫోర్ లో (నాలుగు చక్రాలకూ ఎక్కువ బలం, తక్కువ వేగం) పడకపోవడం చాలాసార్లు లోపమే కాదు. బండి ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ తొక్కి వేయాలి. పళ్లు ఎదురెదురుగా పడితే బండిని జానెడు కదిలించి మళ్లీ ప్రయత్నించండి.

ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిలు చూసేటప్పుడు ముందు ఆయిలు పోసే పై ప్లగ్గు వదులు చేయండి. కింది ప్లగ్గు తీసి ఆయిలంతా కారాక పైది ఊడకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. వేలు పెడితే ఆయిలు అంచుకు తగలాలి. పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, మార్చేయండి. ఏ గ్రేడో బండి పుస్తకం చూసే కొనండి. కొన్నింటికి గేర్ ఆయిలు, కొన్నింటికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్. ఇనుప రజను కనిపించినా, లోడులో ఫోర్ లో దానంతటదే ఊడుతున్నా మెకానిక్ దగ్గరికే తీసుకెళ్లండి.

నేను నెలకోసారి పచ్చి మన్నుబాట మీద కాసేపు ఫోర్ హైలో, వంద గజాలు ఫోర్ లోలో నడిపిస్తాను. గుంటల నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో బండి అడుగు కడిగిస్తాను. లైటు నిలవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో బండిలో ఉండే చిన్న నోటుపుస్తకంలో రాస్తాను. రెండు సెకన్లకు వెలిగేది ఐదుకు వచ్చిందంటే, వానలకు ముందే కింద చాప పరుచుకుని పైపులు తడుముతాను.