వీసెంటర్ అప్‌గ్రేడ్, 4వ పాఠం: పేరు ఎవరిది, ఐపీ ఎవరిది

వీసెంటర్ అంటే మన హోస్ట్‌లను (వర్చువల్ మెషీన్లను, అంటే వీఎంలను, నడిపే భౌతిక సర్వర్లను) ఒకచోట నుంచి చూసుకునే సర్వర్. దాన్ని 7 నుంచి 8కి తెస్తున్నాం. పోయిన పాఠంలో మొదటి దశ, అంటే కొత్త సర్వర్ నిలబెట్టడం, పూర్తికాగానే ఆగమన్నాను. కొందరు ఆగారు. ఎక్కువమంది ఆ ఊపులో పాతదాని సమాచారాన్ని కొత్తదానికి తెచ్చే రెండో దశలోకి వెళ్లి, దాదాపు చివర్లో సర్వీసులు లేవక ఇరుక్కుపోయారు. ఇందులో నా తప్పూ ఉంది. కొత్త సర్వర్‌కు మొదట ఇచ్చే తాత్కాలిక ఐపీ గురించి ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. అందుకే ఈసారి చెప్పాలనుకున్న హోస్ట్‌ల అప్‌గ్రేడ్‌ను వాయిదా వేస్తున్నాను.

ముందు, ఇప్పుడు ఇరుక్కుని ఉన్నవాళ్లకు. కంగారు పడకండి, వీఎంలు నడుస్తూనే ఉంటాయి. హై అవైలబిలిటీని (ఒక హోస్ట్ పడిపోతే దాని వీఎంలను వేరే హోస్ట్ మీద మళ్లీ లేపడాన్ని) హోస్ట్‌ల మీద ఉన్న ఏజెంట్లే చూసుకుంటాయి కాబట్టి వీసెంటర్ లేకపోయినా అది పనిచేస్తుంది. డీఆర్ఎస్ (హోస్ట్‌ల మధ్య భారాన్ని సర్దేది), వీమోషన్ (నడుస్తున్న వీఎంను వేరే హోస్ట్‌కు జరిపేది) మాత్రం వీసెంటర్ వచ్చేదాకా ఉండవు. కొత్త సర్వర్‌ను పవర్ ఆఫ్ చేయండి. పాతదాన్ని పవర్ ఆన్ చేయండి. అంతే, మొదలుపెట్టిన చోటికి వచ్చేశారు. పాత సర్వర్ యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో ఉంటే మళ్లీ చేర్చాల్సి రావచ్చు. రెండింటినీ ఒకేసారి ఆన్‌లో ఉంచకండి, రెండూ ఒకే ఐపీ కోసం కొట్టుకుంటాయి.

ఇంత తేలిగ్గా వెనక్కి రావడం ఎలా కుదిరింది? 7 నుంచి 8కి వెళ్లేటప్పుడు మనం పాత సర్వర్‌ను మార్చడం లేదు. మొదటి దశలో దాని పక్కన ఖాళీగా ఒక కొత్త అప్లయన్స్ (వీసెంటర్ ముందే అమర్చి ఉన్న వీఎం) నిలబెడతాం. రెండో దశలో పాతదానిలోని సమాచారం కొత్తదానిలోకి కాపీ అవుతుంది, పాతది షట్‌డౌన్ అవుతుంది, దాని ఐపీ, పేరు, గుర్తింపు కొత్తదానికి దక్కుతాయి. పాత వీఎం డిస్కు చెక్కుచెదరదు. కొత్తది కనీసం రెండు వారాలు బాగా నడిచాకే నేను పాతదాన్ని తీసేస్తాను.

ఇక అసలు ఉచ్చు. నాకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం దీని గురించే.

పాత సర్వర్ పేరు వీసీ01, ఐపీ 10.0.0.20 అనుకుందాం. మొదటి దశలో కొత్తదానికి 10.0.0.99 ఇచ్చాం. చాలామంది ఏం చేశారంటే, "ఇకమీదట వీసీ01 అంటే కొత్త సర్వరే కదా" అనుకుని పేరు అడిగితే ఐపీ చెప్పే డీఎన్ఎస్‌లో వీసీ01 రికార్డును .99కి మార్చేశారు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ అదే కొంప ముంచింది. రెండో దశ చివర్లో కొత్త సర్వర్ .99ను వదిలేసి .20ను తీసుకుంటుంది. ఆ క్షణాన డీఎన్ఎస్‌ను "వీసీ01 ఎక్కడ?" అని అడిగితే .99 అంటుంది, అక్కడ ఎవరూ లేరు. సర్వర్ తన పేరు పిలిస్తే తనకే చేరడం లేదు. లోపలి సర్వీసులు ఒకదాన్నొకటి పేరుతోనే వెతుక్కుంటాయి, సర్టిఫికెట్ మీద ఉన్నదీ పేరే. అందుకే ఒక్కటీ లేవలేదు. అప్పటికే పాతది షట్‌డౌన్ అయిపోయింది కాబట్టి మీకు దిక్కు తోచలేదు.

కాబట్టి గుర్తుంచుకోండి: వీసీ01 రికార్డును ముట్టుకోకండి. మొదటి దశకు ముందు, మధ్యలో, తర్వాత, ఎప్పుడూ వద్దు. అది .20 దగ్గరే ఉండాలి, ఎందుకంటే చివరికి కొత్త సర్వర్ వచ్చి కూర్చునేది అక్కడే. .99కి పేరు అక్కర్లేదు. అది ఎవరూ వాడని ఐపీ అయితే చాలు, పాత సర్వర్‌తో మాట్లాడగలిగితే చాలు. హోస్ట్‌ల విషయంలోనూ ఇదే మేలు: వాటికి తెలిసిన వీసెంటర్ ఐపీ మారలేదు కాబట్టి అవి వాటంతట అవే మళ్లీ కలుస్తాయి.

ఒకరు రికార్డును మార్చలేదు, అయినా పడ్డారు. ఆయన దగ్గర పేరు నుంచి ఐపీకి రికార్డు సరిగ్గానే ఉంది, ఐపీ నుంచి పేరుకు వెళ్లే రివర్స్ రికార్డు లేదు. ఇంకొకరి దగ్గర .20కి రెండు రివర్స్ రికార్డులు ఉన్నాయి, ఒకటి ఎప్పుడో తీసేసిన సర్వర్‌ది. డీఎన్ఎస్‌ను అడిగే ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌ను పేరుతో ఒకసారి, ఐపీతో ఒకసారి కొట్టండి. మీ ల్యాప్‌టాప్‌లో కాదు, పాత అప్లయన్స్ లోపలికి వెళ్లి కొట్టండి. ల్యాప్‌టాప్ వేరే డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతూ ఉండొచ్చు.

"నెట్‌వర్క్ ఎంచుకునే చోట మా పోర్ట్ గ్రూప్ (వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపే పోర్టుల గుంపు) కనిపించలేదు" అన్నవాళ్లు అప్లయన్స్‌ను నేరుగా ఒక హోస్ట్ మీద నిలబెట్టబోయారు. డిస్ట్రిబ్యూటెడ్ స్విచ్‌లో (అన్ని హోస్ట్‌లకూ కలిపి ఉండే వర్చువల్ స్విచ్‌లో) మామూలు పోర్ట్ గ్రూప్‌కు పోర్టులు కేటాయించేది వీసెంటర్, హోస్ట్ ఒక్కటే ఆ పని చేయలేదు. అదే వీల్యాన్‌తో (నెట్‌వర్క్ భాగంతో) ఎఫెమెరల్ బైండింగ్, అంటే హోస్టే పోర్టు ఇచ్చుకోగల పద్ధతి, ఉన్న పోర్ట్ గ్రూప్‌ను ముందే ఒకటి తయారుచేసి పెట్టుకోండి. ఇలాంటిది ఒకటి నేను శాశ్వతంగా ఉంచుకుంటాను, వీసెంటర్ పడిపోయిన రోజున కూడా అదే ఆదుకుంటుంది.

మిగతావి త్వరగా. పాత వీసెంటర్ వీఎం మధ్యలో వేరే హోస్ట్‌కు జరగకుండా డీఆర్ఎస్‌ను మాన్యువల్‌లో పెట్టండి. రూట్ పాస్‌వర్డ్ గడువు మామూలుగా 90 రోజులు, 5480 పోర్టులో తెరుచుకునే అప్లయన్స్ నిర్వహణ పేజీలో చూసుకోండి. లాగిన్ టోకెన్లకు సంతకం పెట్టే ఎస్‌టీఎస్ సర్టిఫికెట్ గడువు వేరుగా చూడండి, బ్రౌజర్‌లో కనిపించే సర్టిఫికెట్ బాగున్నా ఇది ముగిసిపోయి ఉండొచ్చు. 7 లైసెన్స్ కీ 8లో పనిచేయదు, 60 రోజుల ట్రయల్‌లోపు కొత్తది పెట్టాలి. 6.5 మీద ఉన్నవాళ్లు నేరుగా 8కి రాలేరు, 7 మీదుగా రండి.

లింక్ అయిన (ఒకే లాగిన్‌తో కలిసి నడిచే) వీసెంటర్లు రెండు మూడు ఉన్నవాళ్లు అన్నిటినీ ఒకేసారి ఆపి, ఆగి ఉన్నప్పుడే స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి ఆ క్షణపు స్థితి) తీయండి. వెనక్కి వెళ్లాల్సి వస్తే అన్నీ కలిసే వెళ్లాలి. ఒక్కదాన్నే వెనక్కి తిప్పితే వాటి మధ్య రెప్లికేషన్ దెబ్బతింటుంది.

ఏ సమాచారం తేవాలని రెండో దశ అడుగుతుంది. నేను కాన్ఫిగరేషన్, ఇన్వెంటరీ మాత్రమే ఎంచుకుంటాను. పాత పనితీరు గ్రాఫ్‌ల కోసం సర్వర్ ఆగే సమయాన్ని పెంచుకోవడం నాకు ఇష్టం లేదు. ఆడిట్ కోసం ఈవెంట్లు దాచాల్సినవాళ్లు ఈవెంట్లు కూడా తెచ్చే రెండో ఎంపిక తీసుకోండి.

అభ్యాసం ఈసారి బరువైనదే. ల్యాబ్‌లో ఒక హోస్ట్ మీద చిన్న వీసెంటర్ 7 నిలబెట్టండి. 8లో అన్నిటికంటే చిన్నదైన టైనీ సైజుకే 14 జీబీ మెమరీ కావాలి, అది చూసుకుని ల్యాబ్ సిద్ధం చేయండి. మొదటిసారి కావాలనే డీఎన్ఎస్ రికార్డును .99కి మార్చి రెండో దశ నడపండి. ఏ మెట్టు దగ్గర ఆగిందో, తెర మీద ఏ మాట వచ్చిందో రాసుకోండి. వెనక్కి వెళ్లండి, ఎన్ని నిమిషాలు పట్టిందో కూడా రాయండి. రికార్డు సరిచేసి, సగంలో ఉన్న కొత్త అప్లయన్స్‌ను తీసేసి, మొదటి దశ నుంచి మళ్లీ చేయండి. వెనక్కి రావడానికి పట్టిన ఆ నిమిషాల లెక్క చేతిలో లేకుండా అసలు సర్వర్ జోలికి వెళ్లకండి.