టూర్‌లో బైక్ పోకుండా: నాకు పనిచేసిన పద్ధతి

బండి మీద దూరాలు తిరిగేటప్పుడు, రాత్రి బయట పెట్టిన బండి పొద్దునకి పక్కకి జరిగి ఉండేది. ఒకసారి హ్యాండిల్ లాక్ విరగ్గొట్టబోయిన గుర్తులు కూడా కనిపించాయి. హ్యాండిల్ లాక్, కవరు, ఒట్టి డిస్క్ లాక్ (బ్రేకు డిస్క్‌కి వేసే తాళం), ఏదీ ధైర్యం ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు కలిస్తే బండిని అమాంతం ఎత్తుకుపోగలరు.

చివరికి కుదిరింది ఇదీ. ముందు నేలలో పాతిన ఇనప స్తంభం వెతుకుతాను, ఊపి చూస్తాను. బండి వెనక భాగం దానికి ఆనేలా నిలబెడతాను. లావు చైన్‌ని వెనక చక్రంలోంచి, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని బండికి కలిపే చట్రం) చుట్టూ తిప్పి స్తంభానికి బిగిస్తాను. ముందు చక్రానికి వేస్తే ఆ చక్రం విప్పి వదిలేసి మిగతాది పట్టుకుపోవచ్చు. అసలు కిటుకు బిగింపులో ఉంది: చైన్ నేలకి తగలకూడదు. తగిలిందంటే చైన్ కోసే బోల్ట్ కట్టర్ పిడి ఒకటి నేలకి ఆనించి, రెండోదాని మీద ఒంటి బరువంతా వేస్తారు. వదులు మిగిలితే ఇంకో చుట్టు. తాళం రంధ్రం కిందికి. ఆ తర్వాతే ముందు చక్రానికి డిస్క్ లాక్, దాన్నుంచి హ్యాండిల్‌కి గుర్తుగా రంగు తీగ. లేకపోతే నిద్రమత్తులో బండి తీసి మనమే పడతాం!

ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్‌తో వచ్చినవాణ్ణి ఇది ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. స్తంభం లేనిచోట తోటి బండితో కలిపి కట్టాను గానీ, దాని మీద నాకంత నమ్మకం లేదు. కొన్ని బళ్ళ చక్రాల సందుల్లో లావు చైన్ పట్టదు, కొనేముందు కొలుచుకోండి.