గోష్ఠిగానం సాధన ఆగిపోతే ఇంట్లో ఎలా సాగించాలి?

తిరుపతిలో గోష్ఠిగాన బృందాల (నలుగురూ కలిసి కీర్తనలు పాడే బృందాల) సాధనకు ఏదో ఒక అడ్డు వస్తూనే ఉంటుంది. నవంబరు వానలకు వీధులు జలమయమవుతాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఊరి ఆ చివర నుంచి హాలుకు చేరడమే గగనం. పరీక్షలప్పుడు బడివాళ్లు గది ఇవ్వరు. 2020లోలాగా నెలల తరబడి నలుగురూ ఒకచోట కూడలేని పరిస్థితి కూడా రావచ్చు. అప్పుడు "ఎవరింట్లో వాళ్లు పాడుకుంటూ ఉండండి" అని వదిలేస్తే, రెండు నెలల తర్వాత ముప్పై మందీ ముప్పై రకాలుగా పాడుతూ తిరిగొస్తారు.

మన పాటల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. 1922లో తిరుమల సంకీర్తన భాండారం నుంచి బయటపడిన రాగిరేకుల్లో అన్నమయ్య సంకీర్తనలకు రాగం పేరు ఉంటుంది గాని, ఏ వరుసలో పాడాలో స్వరం రాసి ఉండదు. ఇప్పుడు మనం పాడే బాణీలు తర్వాతి విద్వాంసులు కట్టినవే. అందుకే ఒకే కీర్తన రెండు మూడు రాగాల్లో, ఒకే రాగంలోనే వేర్వేరు సంగతులతో (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులతో) వినిపిస్తుంది. ఇంట్లో కూర్చున్న సభ్యుడు యూట్యూబ్‌లో మొదట దొరికింది విని నేర్చుకుంటాడు. పక్కవీధిలో ఉన్నామె ఇంకొకటి వింటుంది. ఇద్దరిదీ తప్పు కాదు, కానీ ఇద్దరూ కలిసి పాడలేరు. కాబట్టి సాధన ఆగిన కాలంలో బృందం నడిపేవారు అన్నిటికంటే ముందు కాపాడాల్సింది ఒకే పాఠాన్ని, అంటే అందరూ పాడే ఒకే వరుసని.

1. పాఠం ఖాయం చేయండి

నెలకు రెండు కీర్తనలు చాలు. ఒకటి అందరికీ వచ్చింది, ఒకటి కొత్తది. ఏ బాణీ అన్నది గురువు నిర్ణయించి ఒక కాగితం మీద పెట్టాలి. 1978లో మొదలైన తితిదే అన్నమాచార్య ప్రాజెక్టు స్వరపరిపించిన పాటైతే ఆ రికార్డింగునే ఆధారంగా తీసుకుంటే తగువులు తగ్గుతాయి.

కాగితం మీద ఇవి తప్పకుండా ఉండాలి: రాగం, తాళం, శ్రుతి, ఎత్తుగడ (తాళంలో పాట మొదలయ్యే చోటు) ఎక్కడ, పల్లవికి ఎన్ని సంగతులు, ఒక్కో పాదం ఎన్నిసార్లు, చరణం తర్వాత పల్లవి మొత్తం పాడాలా, మొదటి పాదంతో ఆపాలా. చివరి రెండూ రాయకపోవడం వల్లే సగం గందరగోళం పుడుతుంది. కొందరు పల్లవికి వస్తుంటే కొందరు రెండో చరణం ఎత్తుకుంటారు. ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిలుతో ఏటవాలు గీత పెట్టండి. అది ఎప్పుడూ పదాల మధ్య ఉండాలి, పదం నడుమ ఉండకూడదు. అక్షరాలు పెద్దవిగా అచ్చు వేయండి, బృందంలో కళ్లజోళ్లవాళ్లే ఎక్కువ.

2. శ్రుతి మార్చనివ్వకండి

స్త్రీల బృందాలు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతుల్లో పాడతాయి. పురుషులకు ఒకటి, ఒకటిన్నర హాయి. మీ బృందం ఏది పాడుతుందో ఇంట్లోనూ అదే. హార్మోనియంలో ఐదున్నర అంటే ఐదో తెల్లమెట్టుకూ ఆరో తెల్లమెట్టుకూ మధ్యనున్న నల్లమెట్టు. ట్యూనర్ యాప్‌లో అది 'జి షార్ప్' అని కనిపిస్తుంది. ఫోన్లో తంబుర యాప్ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. పాత ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వాడేవాళ్లు మాత్రం సన్నగా సరిచేసే మీట కదిలిందేమో వారానికోసారి ట్యూనర్‌తో చూసుకోవాలి. అది కాస్త పక్కకు తిరిగినా తెలియకుండానే పావు స్వరం కిందికి అలవాటు పడిపోతారు.

అపార్టుమెంట్లో పక్కవాళ్లకు వినపడుతుందని చాలామంది శ్రుతి దించుకుని పాడతారు. ఇది వద్దు. గొంతు బలం తగ్గించండి, స్థాయి తగ్గించకండి. నాలుగులో రెండు నెలలు పాడిన గొంతుకు ఐదున్నరలో తారషడ్జం (పై 'స') పాడేసరికి ఊపిరి చాలదు. పైస్థాయి అందకపోతే ఆ ఒక్క పాదాన్ని కిందిస్థాయిలో పాడి, తిరిగి కలవాలి.

3. నమూనా ఆడియో తయారీ

ఈ పని మీద ఒక పూట వెచ్చించినా తక్కువే. రెండు ఫోన్లు కావాలి. ఒకదాంట్లో తంబుర మోగుతుంది, దాన్ని మూడడుగుల దూరంలో పెట్టండి. రెండోదాంట్లో రికార్డు చేయాలి, అది నోటికి జానెడున్నర దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. నోటికి ఎదురుగా పెడితే 'ప', 'భ' పలికినప్పుడల్లా గాలి తగిలి ఢబ్‌మంటుంది. ఫ్యాను ఆపేయండి. తెల్లవారుజామున అయితే కుక్కరు కూతలు, ఆటోల హారన్లు ఉండవు.

ప్రతి కీర్తనకూ మూడు ఫైళ్లు చేయండి.

మొదటిది సాహిత్యం మాత్రమే. పదం పదం విడదీసి, అర్థం చెబుతూ చదవాలి. అర్థం తెలియని పాదాన్ని ఎవరైనా ఎక్కడపడితే అక్కడ విరుస్తారు.

రెండోది పాఠం చెప్పే ఫైలు. ఒక పాదం పాడి, అదే కొలతకు ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోనూ చేతితాళం, తంబుర వినిపిస్తూనే ఉండాలి. లేకపోతే వినేవాళ్లు ఎప్పుడు అందుకోవాలో తెలియక తొందరపడతారు. చరణానికొక ఫైలు చొప్పున నాలుగైదు నిమిషాలకు మించకుండా చూడండి. ఇరవై నిమిషాల ఫైలులో మూడో చరణాన్ని వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

మూడోది కచేరీలో పాడే వేగంలో పాట మొత్తం.

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే నాణ్యత తగ్గుతుంది, పేరు ఉండదు, వారం తిరిగేసరికి శుభోదయాల కింద పూడిపోతుంది. 'డాక్యుమెంట్'గా పంపండి. ఫైలుకు పాట పేరు, భాగం, వేగం పెట్టండి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు పెన్‌డ్రైవ్ పెట్టే చిన్న స్పీకరు చక్కటి ఉపాయం. చంద్రగిరి పల్లెల్లోనో రేణిగుంట వైపో ఉండి సిగ్నలు సరిగా అందనివాళ్లకూ అదే మేలు.

4. రోజుకు ఇరవై ఐదు నిమిషాలు

ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై ఐదు నిమిషాలు మేలు. ఉదయం ఫలహారానికి ముందు, లేదా సాయంత్రం తిన్నాక రెండు గంటలు గడిచాక కూర్చోండి. మొదటి 5 నిమిషాలు తంబురతో స-ప-స, మెల్లగా, 'ఆ' అంటూ నిలపడం. తర్వాత 5 నిమిషాలు ఒక సరళీ స్వరం, ఒక అలంకారం (మొదట నేర్పే స్వర అభ్యాసాలు). 10 నిమిషాలు కొత్త పాఠం, రోజుకు రెండు పాదాలు మించకుండా. చివరి 5 నిమిషాలు వచ్చిన పాట.

తాళం చేత్తో వేయకుండా ఒక్క పాదం కూడా పాడకూడదు. ఈ ఒక్క విషయంలో కచ్చితంగా ఉండండి. ఒంటరిగా పాడేటప్పుడు జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే: పాదం చివరి కార్వను (స్వరం ఆగి నిలిచే జాగాను) మింగేస్తారు. సాధనలోనైతే ఆ జాగాను మృదంగం నింపుతుంది. ఇంట్లో అక్కడ నిశ్శబ్దం, అది భరించలేక తర్వాతి పాదం ఎత్తేస్తారు. ఆదితాళంలో నిమిషానికి 60 దెబ్బలతో పాడితే ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) 8 సెకన్లు, 80తో పాడితే 6. మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని మొదటి వారం 60లో, పాఠం కుదిరాక 80లో పాడండి. అర అక్షరం (తాళంలో అర దెబ్బ) ఆగి ఎత్తుకునే పాటల్ని ఒంటరిగా పాడేవాళ్లు మూడో రోజుకే సమంలో (మొదటి దెబ్బ మీదే) ఎత్తుకోవడం మొదలుపెడతారు. అలాంటి పాటకు ముందు ఒక ఆవర్తం ఉత్తి తాళం వేసి, తర్వాతే గొంతు విప్పాలి.

5. పలుకుబడి

చిత్తూరు ప్రాంతపు బృందాలకు ఇది విడిగా చెప్పుకోవాల్సిన మాట. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే సభ్యులు చాలామంది పాటను తమిళ లిపిలో రాసుకుంటారు. ఆ లిపిలో క-గ, త-ద, ప-బలకు ఒక్కో అక్షరమే, ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలు లేవు. సాధనలో పక్కవాళ్లను విని సరిచేసుకునేవారు ఇంట్లో కాగితాన్నే నమ్ముతారు. అలాంటివారిని సాహిత్యపు ఆడియో రోజూ రెండుసార్లు వినమనండి. తమ కాగితంలో గ, ద, బ వచ్చేచోట కింద గీత, ఒత్తక్షరం దగ్గర చుక్క పెట్టుకోమనండి. తెలుగువాళ్లకూ శ-స, ల-ళ దగ్గర పని ఉంది. ఒక్కరు పాడితే చెల్లిపోయే తేడా, ముప్పై మంది పాడితే బుసలా వినిపిస్తుంది.

6. వీడియో కాల్‌లో కలిసి పాడించవద్దు

ప్రతి బృందమూ ఒకసారి ప్రయత్నించి నిరాశపడే పని ఇది. వీడియో కాల్‌లో గొంతు అవతలికి చేరడానికి సెకనులో ఐదోవంతు దాకా పట్టవచ్చు. 80 వేగంలో ఒక అక్షరం ముప్పావు సెకను కాబట్టి, మీ పాట వాళ్లకు పావు అక్షరం వెనక చేరుతుంది. వాళ్లది మీకు మరింత వెనక. పైగా ఆ యాప్‌లు మాట కోసం తయారైనవి. ఎడతెగక మోగే తంబురను ఫ్యాను మోతగా భావించి తుడిచేస్తాయి.

వారానికోసారి 40 నిమిషాలు ఇలా వాడుకోండి: అందరూ మైకు ఆపేసి, గురువు పాడేదానితో తమ ఇంట్లో తాము పాడాలి. మధ్యలో ఒక్కొక్కరు మైకు తెరిచి రెండు పాదాలు ఒప్పజెప్పాలి. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఎంచుకుంటే తంబుర మిగులుతుంది.

7. ఒప్పజెప్పడం, దిద్దడం

నలుగురేసి జట్లు చేయండి. ప్రతి జట్టులో అనుభవం ఉన్నవారు ఒకరు, కొత్తవారు ఒకరు తప్పక ఉండాలి. శనివారం లోపు ఒక్కొక్కరు ఒక నిమిషం రికార్డింగు జట్టుకు పంపాలి. చెవిలో నమూనా వింటూ పాడితే ఇయర్‌ఫోన్ తీగతో ఉన్నదే వాడాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరడం వల్ల, సరిగా పాడిన గొంతు కూడా తాళం తప్పినట్టు రికార్డవుతుంది. ఒక చెవిలోనే పెట్టుకుంటే తమ గొంతు తమకు వినపడుతుంది.

దిద్దేవారు ఒక రికార్డింగుకు ఒకే దిద్దుబాటు చెప్పాలి, చోటు చూపించి మరీ: "రెండో పాదం చివర రెండు అక్షరాలు ఆగండమ్మా" అన్నట్టు. "ఇంకా బాగా పాడాలి" అంటే వచ్చేవారం ఆవిడ పంపడం మానేస్తుంది. అందరున్న గ్రూపులో తప్పులు ఎత్తకండి, అరవై ఏళ్లు దాటాక మొదటిసారి తమ గొంతు తాము విని కుంగిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడండి.

8. మళ్లీ కలిసిన రోజు

ముప్పావుగంట చాలు. ముందు పది నిమిషాలు అందరూ కలిసి షడ్జం ('స') నిలపండి. తర్వాత అందరికీ వచ్చిన పాటను 60 వేగంలో, మృదంగం లేకుండా, చేతితాళంతోనే పాడించండి. ఎవరి పాఠం ఎక్కడ జారిందో అప్పుడే తెలుస్తుంది, మృదంగం మోగితే అది కప్పేస్తుంది. జారిన చోట పాట ఆపి, ఆ పాదాన్ని జట్టుజట్టుగా పాడించి, మళ్లీ అందరినీ కలపండి. కొత్త కీర్తన రెండో కూర్పుకు ఉంచండి.