మెదడు దాచేవాటిని ఇంట్లోనే పట్టుకోవడం ఎలా?

ఒక కన్ను మూసుకోండి. తెరిచిన కంటికి ముక్కు అంచు కనిపిస్తోందా? పొద్దున లేచినప్పటి నుంచీ అది అక్కడే ఉంది. అక్కర్లేదని మెదడు పక్కన పెట్టేసిందంతే. అలాంటివి ఇంకా ఉన్నాయి. వాటిని పట్టుకోవడానికి అద్దం, పెన్ను, రూళ్ల కాగితం, గుండుసూది, అట్టముక్క, ఫోన్ ఉంటే చాలు.

ముందు అద్దానికి జానెడు దూరంలో నిలబడి మీ ఎడమ కన్ను చూడండి, తర్వాత కుడి కన్ను. ఎన్నిసార్లు మార్చినా కళ్లు కదలడం మీకు కనిపించదు. పక్కన ఉన్నవాళ్లకు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. చూపు గెంతినప్పుడల్లా బొమ్మ అలుక్కుపోతుంది కాబట్టి ఆ కాసేపు మెదడు దాన్ని అణిచేస్తుంది. ఫోన్ సెల్ఫీ కెమెరాలో అయితే కదలిక దొరికిపోతుంది. ఫోన్ రవ్వంత ఆలస్యంగా చూపిస్తుంది మరి!

రెండోది రూళ్ల కాగితం మీద. ఒకే గీత మీద ఎడమవైపు ఇంటూ గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఇంటూనే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. దాదాపు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. అప్పుడు చుక్క బొమ్మ పడేది కంటి నరం బయటికి వెళ్లే చోట. అక్కడ వెలుగును పట్టే కణాలు లేవు. అయినా అక్కడ కన్నం కనబడదు, గీత తెగదు. నిజానికి ఇది దాచడం కాదు, అతుకు వేయడం.

అసలు తమాషా మూడోది. అట్టకు గుండుసూదితో బెజ్జం చేయండి. ఫోన్లో ఖాళీ తెల్లని స్క్రీన్ పెట్టి, బెజ్జాన్ని కంటికి బాగా దగ్గరగా పట్టుకుని చిన్న సున్నాలు చుడుతున్నట్టు గబగబా ఆడించండి. సూర్యుడి వైపు మాత్రం చూడొద్దు. కాసేపటికి రావి ఆకు ఈనెల్లా సన్నటి గీతలు తేలతాయి. మీ రెటీనా, అంటే కంటి లోపల వెనకవైపు బొమ్మ పడే పొర, దాని మీది రక్తనాళాల నీడలవి! నడిమధ్యలో ఈనెలు లేని చిన్న ఖాళీ కూడా ఉంటుంది. మనం సూటిగా చూసేది ఆ చోటుతోనే. మొదట నా బెజ్జం పెద్దదైపోయి ఏమీ కనబడలేదు. అట్ట మార్చాక కుదిరింది.

చేయి ఆపితే గీతలు కరిగిపోతాయి. కదలని నీడను పట్టించుకోవడం మానేయడం రెటీనాలోనే మొదలవుతుంది. బెజ్జం కదిలితే నీడ జరుగుతుంది, అప్పుడే అది మళ్లీ వార్త.

ఏ ప్రయోగమూ చేయకుండానే కంట్లో హఠాత్తుగా నల్లచుక్కలు, మెరుపులు మొదలైతే మాత్రం అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించుకోండి.